నూట నలభై మూడు సెట్టింగులూ, మా అత్తగారి కునుకూ

మా ఊరు గిచోన్‌లో అందరూ నేను టీవీలు బాగుచేస్తాననుకుంటారు. పొద్దస్తమానం కిటికీ పక్కన కూర్చుని తెరకేసి చూస్తూ ఉండే మనిషి గురించి అంతకన్నా ఏమనుకుంటారు? మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. సర్వర్ అంటే ఏమిటో చెప్పేవాణ్ణి. నేను రాసిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా పైసా ఇవ్వకుండా తీసుకుని వాడుకోవచ్చనీ, విప్పి లోపల చూసుకోవచ్చనీ, నచ్చకపోతే మార్చుకోవచ్చనీ వివరించేవాణ్ణి. మాంసం కొట్టు గోమెన్సోరో అంతా ఓపిగ్గా విని, "అయితే ఊరికే ఇచ్చేస్తావన్నమాట" అని, జాలిపడి రెండు చోరీసో సాసేజీలు ఎక్కువ వేశాడు. అప్పట్నుంచి టీవీలే అని ఒప్పేసుకున్నాను. ఇప్పటికి నాలుగు బాగుచేశాను కూడా.

నా పేరు ఎబేర్. ఇల్లరికం వచ్చినవాణ్ణి. మా ఆవిడ అనాహీ పాయ్‌సాందూ పట్నంలో నర్సు; సోమవారం పోయి శుక్రవారం వస్తుంది. మిగతా రోజుల్లో ఈ ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తగారు డోన్యా డెల్మీరా, మా ఇద్దరి మధ్యా ఒక గోడ.

నా సాఫ్ట్‌వేర్ పేరు తేరో. అది మా పొలాల్లో తిరిగే ఒక జాతి తీతువు పిట్ట పేరు. మనిషి నీడ పడితే చాలు, ఊరు లేచేలా అరుస్తుంది. నా తేరో పనీ అదే. ఎక్కడో ఒక యంత్రం నీళ్ళు పెరిగాయనో, కోల్డ్ రూము వేడెక్కిందనో చెబితే, ఆ కబురు పట్టుకెళ్ళి మనుషుల ఫోన్లలో వేస్తుంది. ఆరేళ్ళుగా పదహారు దేశాల్లో వాడుతున్నారు. దానికి నూట నలభై మూడు సెట్టింగులు. వాటన్నిటికీ వివరణలతో పుస్తకం రాసింది నేనే. ఆ వివరణ చూసుకుని మురిసిపోయేవాణ్ణి, ఎందుకంటే చాలా పొట్టిగా ఉండేది.

మచ్చుకి కొన్ని చెబుతాను. "ఓపిక: ఓపికను నిర్ణయిస్తుంది. మామూలు విలువ: 30." "గొంతు: చూడండి, స్థాయి." "స్థాయి: చూడండి, గొంతు." "గూడు: దీన్ని ముట్టుకోవద్దు." ఈ చివరిదాన్ని ఎందుకు ముట్టుకోకూడదో రాసిన రోజున నాకు తెలుసు. ఇప్పుడు నేనూ ముట్టుకోను.

ఎవరైనా అర్థం కాలేదని ఉత్తరం రాస్తే, నేనైనా, రాజధాని మోంటెవీడియోలో ఉండి నాతోపాటు తేరోని చూసుకునే యమండూ అయినా ఒకటే జవాబిచ్చేవాళ్ళం: "అంతా పుస్తకంలో ఉంది, చదవండి." ఆ జవాబు మాటిమాటికీ టైపు చెయ్యలేక యమండూ దానికో మీట కూడా పెట్టుకున్నాడు.

అక్టోబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి మా గేటు దగ్గర ఎవరో పిలుపుగా చప్పట్లు కొట్టారు.

రెండింటికి! గిచోన్‌లో ఒంటిగంట నుంచి నాలుగు దాకా సియెస్తా, అంటే ఊరంతటి మధ్యాహ్నపు కునుకు. కొట్ల తలుపులూ కిటికీ రెక్కలూ కుక్కల నోళ్ళూ మూతపడిపోతాయి. ఆ వేళప్పుడు ఒకరి గేటు ముందు చప్పట్లు కొట్టాలంటే ఎవరో ఒకరు పోయి ఉండాలి, లేదా కొట్టినవాడు పరాయి ఊరివాడై ఉండాలి. ఇక మా అత్తగారి సియెస్తాకి అడ్డొచ్చి బతికి బట్టకట్టినవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. రెండో చప్పట్లు పడకముందే చెప్పుల్లేకుండా గేటు దాకా పరిగెత్తాను.

డోన్యా నీబియా నిలబడి ఉంది. ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు తీగలు కలిపిన మనిషి. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో మొత్తం తెలిసీ ఒక్క ముక్క బయటపెట్టనందుకు ఊరంతా ఆవిడకి టోపీ తీస్తారు. రిటైరయ్యాక ఆరు కిలోమీటర్ల అవతల, కెగ్వాయ్ నది ఒడ్డున తేనెటీగలు పెంచుకుంటోంది. ఒక చేతిలో పిండి సంచి, చంకలో లావుపాటి కాగితాల కట్ట. కాగితాల నిండా మైనం మరకలు, ఎర్ర పెన్ను గీతలు. చూడగానే గుర్తుపట్టాను. అది నా పుస్తకమే. దాన్ని కాగితాల మీద చూడటం నాకదే మొదటిసారి.

"ఇది రాసింది నువ్వేనా అబ్బాయ్?" అంది, చివరి పేజీ చూపిస్తూ. అక్కడ నా పేరు, కింద ఊరి పేరు. ఎవరూ చూడరనే ధైర్యంతో గర్వంగా రాసుకున్నది.

"నేనేనండీ."

"టీవీలు బాగుచేస్తావనుకున్నానే."

"అదీ చేస్తాను. కాస్త మెల్లిగా మాట్లాడండి నీబియమ్మా. అత్తయ్య పడుకున్నారు."

"డెల్మీరా సంగతి నాకు తెలీదా? ఆ ఇంటికి రెండింటికి లైన్ కలిపితే నన్నే తిట్టేది." గొంతు తగ్గించింది. "నాలుగు దాకా ఆగలేను నాయనా. పైన ఉత్తరాన కుండపోతగా కురుస్తోంది. గురువారానికి నది నా గుమ్మంలో ఉంటది."

వంటింట్లో కూర్చోబెట్టి, మేం టీలా తాగే ఆకు కషాయం, మాతే కలిపాను. ఆవిడ గుసగుసగా చెప్పుకొచ్చింది. వాళ్ళాయన పోతూ పోతూ నలభై తేనె పెట్టెలు వదిలి వెళ్ళాడు, అన్నీ ఆయన చేత్తో చేసినవి. ఈవిడ నదికి ఎగువన వంతెన కింద ఒక బెండు కట్టింది. నీళ్ళు గీత దాటి బెండు లేస్తే ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటర్‌కి తెలుస్తుంది. అందులో తేరో పెట్టుకుంది. ఎవరినీ అడక్కుండా, నా పుస్తకం మూడుసార్లు చదివి, అన్నీ తనే అమర్చుకుంది. కబురు అందితే పెట్టెల్ని మెరకకి చేర్చడానికి గంటన్నర చాలు.

"ఏప్రిల్లో పొద్దున పదింటికి బెండు లేపి చూశా. టింగుమని మోగింది. ఎంత సంబరపడ్డానో! వారం తిరక్కుండా మధ్యాహ్నం వేళ నది వచ్చింది. ఫోను ఉలకలేదు, పలకలేదు. సరిగ్గా నాలుక్కొట్టగానే ఒక్కసారి తొమ్మిది మెసేజులు. లేచి పరిగెత్తా. అప్పటికే పదకొండు పెట్టెలు కొట్టుకుపోయినయ్."

"అయ్యో."

"తేనె సంఘంలో నవ్వారు. ముసలమ్మకి కంప్యూటరెందుకన్నారు. మా అమ్మాయీ అదే అంది, కాస్త ముద్దుగా అంది, అంతే తేడా." కళ్ళజోడు సర్దుకుని కాగితాలు నా ముందుకు తోసింది. "నా తప్పెక్కడుందో చూపించు నాయనా. దిద్దుకుంటా. ఇంకా ఇరవై తొమ్మిది పెట్టెలున్నయ్."

నాకు వెంటనే నోటికొచ్చిన మాట ఏమిటో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. "అంతా పుస్తకంలో ఉందండీ," అన్నాను.

"సరే చదువుదాం," అని ఆవిడ పేజీ తిప్పింది. "ఓపిక, ముప్ఫై. ముప్ఫై ఏంటి? సెకన్లా, నిమిషాలా, రోజులా?"

"సెకన్లు. అనుకుంటా."

"అనుకుంటావా? రాసినోడివి నువ్వు కదా?"

"రాసి చాలా కాలమైందండీ."

"గొంతు చూస్తే స్థాయి చూడమంటది. స్థాయి చూస్తే గొంతు చూడమంటది. ఒక రోజంతా ఈ రెంటి మధ్యా తిరిగా నాయనా. ఇంకా ఏదో పేజీ ఊడిపోయిందేమోనని మళ్ళీ ప్రింటు తీయించా."

పొట్టిగా ఉందని మురిసిపోయిన పుస్తకం, ఒక మనిషి వేలు పెట్టి చదువుతుంటే ఎంత దరిద్రంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"ముందు పరీక్ష చేద్దాం," అన్నాను, ఆ చదువు ఆపించడానికి. ఆవిడ పిండి సంచిలోంచి అరచేయంత కంప్యూటర్నీ, దానికి కట్టిన ఇంకో బెండునీ తీసింది. వంటింటి బకెట్లో నీళ్ళు పోసి బెండు వదిలాం. బెండు లేచింది. చిన్న కంప్యూటర్లో పచ్చ దీపం వెలిగింది. బల్ల మీద ఆవిడ ఫోను మాత్రం పలకలేదు. మళ్ళీ ముంచాం, మళ్ళీ లేచింది. ఫోను పలకలేదు.

గోడ గడియారం చూశాను. రెండూ నలభై.

అరవై ఒకటో పేజీ తిప్పి చూడక్కర్లేదు, అక్కడేం రాశానో నాకు కంఠతా వచ్చు. "సియెస్తా: సియెస్తాను నియంత్రిస్తుంది. మామూలు విలువ: అవును." అంటే ఒంటిగంట నుంచి నాలుగు దాకా వచ్చిన కబుర్లన్నిటినీ నా తేరో రెక్కల కింద దాచుకుని కూర్చుంటుంది. నాలుక్కొట్టగానే అన్నిటినీ ఒక్కసారి వదులుతుంది. ఎవరైనా ప్రత్యేకంగా వద్దంటే తప్ప ప్రపంచంలో ప్రతి తేరో అలాగే చేస్తుంది. దానికా బుద్ధి నేర్పింది నేనే.

"దొరికిందా?" అంది నీబియా.

మనిషన్నవాడు అప్పుడే చెప్పాలి. నేను ప్రోగ్రామర్ని. "ఏదో చిన్న గీత తేడాగా ఉన్నట్టుందండీ," అన్నాను. "మీ ఫైల్లో ఎక్కడో."

"నా ఫైల్లోనా?"

"ఆఁ. అందరికీ అవుతుంది లెండి."

ఆవిడ మెల్లిగా తల ఊపింది. "నేనూ అదే అనుకున్నా. పదకొండు పెట్టెలు నా చేత్తో నేనే ముంచుకున్నా."

ఆ మాట విన్నాక కూడా నేను నిజం చెప్పలేదు. పైగా పని గబగబా కానిచ్చేసి ఆవిణ్ణి పంపించెయ్యాలని చూశాను. ఆవిడ ఫైల్లో ఒక్క మాట మార్చితే ఏది మార్చానో కనిపిస్తుంది. అందుకని ఫైలు మొత్తం తీసేసి నా సొంత కంప్యూటర్లో ఉన్న ఫైలు దాని చోట పెట్టేశాను. ఆవిడ నంబరు చేర్చాను. సియెస్తా పక్కన "కాదు" అని ఎవరికీ కనిపించకుండా కొట్టాను. మా ఇంట్లో బాగా పనిచేసే ఫైలు ఎక్కడైనా పనిచేస్తుందని మా వృత్తిలో ఒక గుడ్డి నమ్మకం.

"ఇప్పుడు ముంచండి," అన్నాను.

బెండు లేచింది. ఆవిడ ఫోను టింగుమంది. నా ఫోను టింగుమంది. గోడ అవతల, మా అత్తగారి తలగడ పక్కన, చెవిటివాళ్ళకి కూడా వినపడేలా పెట్టుకున్న మూడో ఫోను కార్నివాల్ డోళ్ళన్నీ ఒక్కసారి మోగించినట్టు మోగింది.

ఆరేళ్ళ క్రితం తేరోని పరీక్షించడానికి నాకు దొరికినవి రెండే ఫోన్లు, నాదీ ఆవిడదీ. ఆ రెండు నంబర్లూ ఆ ఫైల్లో అలాగే ఉండిపోయాయి.

తలుపు తెరుచుకుంది. డోన్యా డెల్మీరా, తలకి వల, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, చేతిలో ఇంకా మోగుతున్న ఫోను. నీబియాని చూశారు గానీ పలకరించలేదు. ముందు నా పని పట్టాలి కదా.

"ఏం అల్లుడూ? నాకేం మాటిచ్చావు నువ్వు?"

"అత్తయ్యా, అది..."

"పెళ్ళైన మొదటి వారం. మిట్టమధ్యాహ్నం పదిహేడుసార్లు మోగించావు నా ఫోను. నీ కంప్యూటర్ పెట్టె తీసుకెళ్ళి బావిలో పారేస్తానన్నానా లేదా?"

"అన్నారు."

"అప్పుడేం చేశావు? కాళ్ళావేళ్ళా పడ్డావు. ఒంటిగంట నించి నాలుగు దాకా పిట్ట నోరు కట్టేశానన్నావు. 'ఈ ఇంట్లోనే కాదత్తయ్యా, ప్రపంచంలో ఎక్కడా ఆ వేళప్పుడు అరవదు' అని గొప్పలు కూడా పోయావు. ఆ నోరు ఎవడు విప్పాడు ఇప్పుడు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కంప్యూటర్ మూత మూసేశాను. దానివల్ల ఏం లాభమో నాకే తెలీదు.

నీబియా కాగితాల్లో అరవై ఒకటో పేజీ తీసింది. ఆ వాక్యం కింద ఎర్ర గీత, పక్కన పెద్ద ప్రశ్నార్థకం. ఏడు నెలల కిందటే పెట్టుకుంది.

"ఇక్కడే ఆగిపోయా నేను," అంది. "సియెస్తా అని చూసి, ఇదేదో కంప్యూటర్ వాళ్ళ మాట కాబోలు, నాకెందుకులే అనుకున్నా. మనం రోజూ పడుకునే సియెస్తానే అని తట్టలేదు. పుస్తకంలో ఉంది కదా మరి."

"నీబియమ్మా, ఇందాక మీ ఫైల్లో తేడా ఉందన్నాను," అన్నాను. "అది అబద్ధం. మీ ఫైల్లో ఏ తప్పూ లేదు. ఒక్క గీత కూడా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ కళ్ళజోడు తీసి పైటకొసలా వేలాడుతున్న మెడ రుమాలుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచింది.

"అంటే నేను సరిగ్గానే చదివాను," అంది.

సిగ్గుతో చితికిపోయాను. ఆరు నెలలు ఆ మనిషి తన చదువుని, తన వయసుని, తన చేతుల్ని అనుమానించుకుంది. ఆ అనుమానం ఖరీదు నేను ఆదా చేసుకున్న ఒకే ఒక్క వాక్యం.

మా అత్తగారికి విషయం మొత్తం తెలిసేసరికి ఇంకో మాతే అయిపోయింది. నది, పెట్టెలు, నాలుగింటి మెసేజులు అన్నీ విని, నీబియా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తేరో అరిచేది ఒకచోట, గుడ్లు పెట్టేది ఇంకోచోట అని ఊరికే అన్నారా? పేరు బాగానే పెట్టుకున్నావు అల్లుడూ. నీ పుస్తకం అరిచేది ఇక్కడ. అసలు సంగతి నా పక్క కింద." తర్వాత నీబియా చెయ్యి పట్టుకుని, "నా నిద్రకి నీ పెట్టెలు పోయినాయటే?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నీదేముందే. నిన్ను నిద్రపొమ్మన్నది నేనా, నదా?" అంది నీబియా. "రాసినోడు రాయాల. ఇప్పుడు రాయిద్దాం."

సియెస్తా వేళ మా వంటింట్లో దీపం పెట్టుకుని, నేను కంప్యూటర్ ముందు, చెరో పక్క ఇద్దరు ఆడవాళ్ళు. అంత కష్టమైన పరీక్ష నేను యూనివర్సిటీలో కూడా రాయలేదు. మొదట ఇలా రాశాను: "చారిత్రక కారణాల వల్ల ఈ సెట్టింగు మామూలు విలువ 'అవును'." మావాళ్ళందరూ ఇలాగే రాస్తారు. చేసిన తెలివితక్కువ పనికి అయిదేళ్ళు నిండితే దాన్ని చరిత్ర అంటాం.

"చారిత్రక కారణం అంటే ఎవరు?" అన్నారు మా అత్తగారు.

"అంటే... మీరేనండీ."

"నేనా! బొలీవార్ గుర్రమెక్కి యుద్ధాలు చేసినప్పుడు వెనకాల కూర్చున్నానా నేను?"

నీబియా నవ్వు ఆపుకుని నా వైపు తిరిగింది. "చూడు నాయనా. ఎక్స్‌ఛేంజికి కొత్త పిల్ల వస్తే బోర్డు మీద నూరు రంధ్రాలు చూసి బెదిరిపోయేది. రంధ్రం పేరు చెప్తే ఏం లాభం? ఇందులో తీగ పెడితే ఎవరింట్లో గంట మోగుతుందో చెప్పేదాన్ని. పెట్టకపోతే ఎవరు మాట్లాడలేక ఊరుకుంటారో అదీ చెప్పేదాన్ని. అంతే. నువ్వూ అదే రాయి."

నాలుగు సార్లు రాశాను, నాలుగు సార్లు కొట్టేయించారు. అయిదోసారి ఇలా వచ్చింది:

"సియెస్తా: దీన్ని 'అవును' అని ఉంచితే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏ హెచ్చరికా మీకు అందదు, నాలుగింటికి అన్నీ కలిపి వస్తాయి. ఆలస్యమైతే నష్టపోయేది ఏదైనా మీ దగ్గర ఉంటే 'కాదు' అని పెట్టండి. ఇంతకాలం దీని మామూలు విలువ 'అవును'. కారణం, దీన్ని రాసిన ఎబేర్ తన అత్తగారిని నిద్రలేపడానికి భయపడ్డాడు. ఆ సంగతి ఇక్కడ రాయకపోవడం వల్ల గిచోన్‌లో ఒకరి పదకొండు తేనె పెట్టెలు నదిలో పోయాయి. ఆవిడ తప్పేమీ లేదు. ఇవాళ్టి నుంచి మామూలు విలువ 'కాదు'."

యమండూకి పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "నీకు మతి పోయిందా ఎబేర్? పదహారు దేశాలు చదువుతాయి. అత్తగారేంట్రా, తేనేంట్రా? ఆ నాలుగు వాక్యాలూ పీకేసి 'చారిత్రక కారణాల వల్ల' అని పెట్టు."

"పెట్టాను. చారిత్రక కారణం ఒప్పుకోలేదు," అన్నాను. ఫోను అత్తగారి చేతికిచ్చాను. రెండు నిమిషాల్లో యమండూ ఒప్పుకున్నాడు.

గురువారం ఒంటిగంటా యాభైకి మా ఇంట్లో రెండు ఫోన్లూ మోగాయి. నా నంబరు నేనే కావాలని నీబియా కంప్యూటర్లో ఉంచుకున్నాను. అత్తగారిది తీసెయ్యడం మరిచిపోయాను. నేను చొక్కా తొడుక్కుని వీధిలోకి వచ్చేసరికి మా మామగారి పాత లారీ అప్పటికే దగ్గుతోంది. స్టీరింగ్ వెనక డోన్యా డెల్మీరా, తలకి వల ఉన్నది ఉన్నట్టే.

"మీరెందుకత్తయ్యా, నేను తోలతాను."

"దీని రెండో గేరు నీ మాట వింటుందా? ఎక్కు."

ఊరు ఊరంతా పడుకుని ఉంది. మూసిన కిటికీల మధ్య నుంచి ఆ లారీ చేసిన చప్పుడుకి గోమెన్సోరో కుక్క ఒక్కటే తలెత్తి చూసింది. మేం చేరేసరికి నీబియా పెట్టెలకి పొగ పెడుతోంది. పగటిపూట కదిలిస్తే తేనెటీగలు ఊరుకోవు. నాకొక ముసుగు ఇచ్చారు, దానికి చెవి దగ్గర చిల్లుంది. మొదటి పెట్టె ఎత్తుతూనే, ఆ చిల్లు గురించి కూడా ఎక్కడైనా రాసి ఉంటే బాగుండేదనిపించింది. తొమ్మిది కాట్లు తిన్నాను. అన్నిటికీ నేను అర్హుణ్ణే.

మూడు తిరక్కముందే ఇరవై తొమ్మిదీ మెరక మీదకి చేరాయి. సరిగ్గా నాలుగింటికి, అంటే నా పాత తేరో నోరు తెరిచే వేళకి, పెట్టెలుండిన చోట నీళ్ళు నడుము లోతున్నాయి. నీబియా గట్టు మీద నిలబడి ఆ నీళ్ళకేసి చాలాసేపు చూసింది. మా అత్తగారు లారీలో స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోతున్నారు. ఎవరం లేపలేదు.

ఆ తర్వాత ఉత్తరాలు వచ్చాయి. యమండూ భయపడ్డట్టు తిట్లు కాదు. పోలండ్ నుంచి పుట్టగొడుగులు పెంచే ఒకాయన, మధ్యాహ్నం పూట తన షెడ్డులో ఏ ఇబ్బందీ రాదని ఆరేళ్ళుగా దేవుడికి మొక్కుతున్నాడట. ఇప్పుడు ఆ మొక్కులు ఎవరికి మళ్ళించాలో చెప్పమన్నాడు. ఇంకొకటి మూడే వాక్యాలు. ఎక్కడి నుంచో చెప్పలేదు: "మా పంపు మధ్యాహ్నం పాడైతే కబురందినా చూడలేదని ఒకతన్ని పనిలోంచి తీసేశాం. అతను అందలేదంటే నమ్మలేదు. ఇవాళ అతనికి ఫోన్ చేస్తున్నాం." దాన్ని చదివాక ఆ రోజు ఇంక ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఇప్పుడు ప్రతి మంగళవారం, నాలుగు దాటాక, నీబియా మా వంటింటికి వస్తుంది. వారానికి రెండు సెట్టింగులు. ఓపిక అయిపోయింది, ముప్ఫై అంటే సెకన్లు కాదు, నిమిషాలట. నాకే తెలియదు. గొంతూ స్థాయీ ఒకటేనని తేలి ఒకదాన్ని పీకేశాం. గూడు జోలికి ఇంకా పోలేదు. దాని పక్కన నీబియా రాయించిన వాక్యం ఇది: "దీన్ని ముట్టుకుంటే ఏమవుతుందో రాసినవాడికి కూడా గుర్తులేదు." పుస్తకం మొత్తంలో అంత నిజాయితీ అయిన వాక్యం ఇంకోటి లేదని యమండూ అంటాడు. 'అంతా పుస్తకంలో ఉంది' అనే ఆ మీట కూడా అతను తీసేశాడు.

జనవరిలో తేనె తీసి ఒక సీసా తెచ్చింది. సీసా మీద ఎక్స్‌ఛేంజి రోజుల నాటి ఆ గుండ్రటి చేతిరాతతో చీటీ అంటించి ఉంది. పైన పెద్ద అక్షరాల్లో: "తేనె: తేనెను నియంత్రిస్తుంది. మామూలు విలువ: సరిపడా." మా అత్తగారు అది చదివి, కడుపు పట్టుకుని నవ్వి, దగ్గొచ్చి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత సీసా తిప్పితే వెనకవైపు చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కనిపించింది.

"ముందువైపు రాసింది అర్థం కాకపోతే, తప్పు చదివినవాళ్ళది కాదు."